ఫ్రిజ్‌లో వెలసిన తల్లి

ఆ రోజుల్లో ఇంగ్లీషు మాట కనబడితే చాలు, దాన్ని తెలుగు చేసేదాకా నాకు తోచేది కాదు. పత్రికలో కొత్తగా చేరినవాళ్లకు పట్టే జబ్బది. కొందరికి ఏడాదిలో తగ్గుతుంది. నాకు మాత్రం ఒక సీసా వల్ల తగ్గింది.

అప్పుడు నేను మేడ్చల్ ఆఫీసులో ట్రెయినీని. గుండ్లపోచంపల్లిలో ఒక ఇంటి మేడమీద గది. ఆరు నెలలుగా మురుగుకాలువల గురించీ కరెంటు కోతల గురించీ రాస్తూనే ఉన్నాను, అన్నీ నా పేరు లేకుండానే అచ్చవుతున్నాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పేరుతో రావాలని ఆశ. ఆదివారం పేజీకి ‘ఇంట్లోనే చీజ్’ రాస్తానంటే ఇన్‌ఛార్జిగారు కళ్లజోడు పైనుంచి చూసి, "విని రాయడం కాదోయ్, చేసి రాయి. ముద్ద తెచ్చి నా బల్లమీద పెట్టు, పేరు వేస్తాను" అన్నారు.

శామీర్‌పేటలో చీజ్ చేసే చాచా దగ్గరికి పరుగెత్తాను. పాలవ్యాపారం చేస్తూ చేస్తూ చీజులోకి దిగిన మనిషి. పాలను పులియబెట్టే తోడు చిన్న సీసాలో పోసి, చంటిపిల్లను అప్పగించినట్టు జాగ్రత్తలు చెప్పాడు. "గిది మదర్ కల్చర్ బాబూ. దీంట్లకెళ్లి చెంచాడు దీసి, కాగి సల్లారిన పాలల్ల ఏస్తే మల్ల కొత్తది తయారైతది. సీసా, చెంచా మసిలే నీళ్లల్ల ఉడకాలె. మూత దీసినప్పుడు మాట్లాడొద్దు. బయటి బ్యాక్టీరియా జర్రంత సొచ్చిందా, అంతా ఖరాబ్."

నా గదిలో ఫ్రిజ్ లేదు. కింద ఇంటివాళ్లు తమ ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నారు. ఎవరూ ముట్టకుండా సీసాకి చీటీ అంటించాలి. ‘మదర్ కల్చర్’ అని రాస్తే సరిపోయేది. జబ్బు ఊరుకోనిస్తేగా! ఎర్ర స్కెచ్‌పెన్నుతో, పతాక శీర్షిక సైజులో రాశాను: ‘తల్లి. స్నానం చేయకుండా ముట్టవద్దు.’ (చేతులు కడుక్కోమంటే ఎవరూ వినరు, స్నానమంటే కనీసం చేతులైనా కడుగుతారని నా లెక్క.)

అది అమ్మవారికి బోనాలెత్తే నెల అన్న సంగతి నాకు తట్టలేదు. మూడోరోజు సాయంత్రం వచ్చేసరికి ఫ్రిజ్ తలుపుకి పసుపు, కుంకుమ బొట్లు. లోపల సీసా చుట్టూ వేపరెమ్మలు. ఎదురుగా పీటమీద తడిజుట్టుతో ఇంటాయన తల్లి, అవ్వ. (మాది కోస్తా. మొదట్లో ‘మామ్మగారూ’ అంటే, "అవ్వ అను, నోరు దిరగదా?" అని కసిరింది.)

"మంచిపని జేసినవ్ బిడ్డా. తల్లికి సల్లదనమే గావాలె. గిన్నేండ్ల సంది ఫ్రిజ్జున్నా మావోళ్లకు గీ తెలివి రాలే."

"అవ్వా, మూత తీశారా?"

"తియ్యకుంటే సాక ఎట్ల వోస్తరు?"

సాక అంటే అమ్మవారికి పోసే పసుపు, బెల్లం, వేపాకు కలిపిన నీళ్లు. సీసా తీసి చూశాను. పసుప్పచ్చటి నురగ. కల్లుకుండ వాసన.

"సూడు, తల్లి పొంగుతాంది!" అని దండం పెట్టింది అవ్వ.

"ఎందుకు పోశారవ్వా?" అన్నాను, ఏడవలేక.

"నీ పేరు పేపర్ల రావాలని మొక్కిన. రోజూ మొఖం ఏలాడేసుకొని మెట్లెక్కుతున్నవ్ గద."

ఇక ఏం తిడతాను?

మర్నాడు జరిగింది చెబితే చాచా కళ్లనీళ్లు కారేలా నవ్వి, ఇంకో సీసా ఇచ్చాడు. "గిదే ఆఖరు. మల్ల పరేషాన్ జెయ్యకు."

అవ్వకి నిజం చెబుదామనే ఇల్లు చేరాను. నోటికి సగమే వచ్చింది. "అవ్వా, ఈ తల్లికి సాక వద్దంట. ముట్టకుంటేనే శాంతమంట."

"ఎవరు జెప్పిండ్రు?"

"శామీర్‌పేట చాచా."

"సాయబుకేం తెలుసు తల్లి సంగతి?" మళ్లీ తనే సర్దుకుంది. "తెలుస్తది లే. పాలతోని బతికేటోడు."

ఇక చూడాలి! యాభై ఏళ్ల కొడుకు చల్లటి నీళ్లకోసం వస్తే, "తానం జేసినవా? దూరముండు!" అని తరిమింది. పాపం ఆయన ఆ వారమంతా కుండనీళ్లు తాగాడు. నేను రోజుకి రెండుసార్లు స్నానం చేశాను. తోడు మార్చేటప్పుడు అవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేది, నన్ను తుమ్మనిచ్చేది కాదు, దగ్గనిచ్చేది కాదు. ఏ ప్రయోగశాలలోనూ అంత కట్టడి ఉండదు. తోడు ఒక్క బుడగ లేకుండా, కమ్మటి పులుపు వాసనతో గట్టిగా తోడుకుంది.

దాంతో చేసిన ముద్ద కొంచెం వంకరగా వచ్చింది, కానీ చీజే. ఇన్‌ఛార్జిగారు నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువ" అని పేరు వేశారు.

ఆదివారం అవ్వ పేపరు ఒళ్లో పరుచుకుంది. నా పేరు కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఆ పేరొక్కటే చదివింది. తర్వాత నావైపు చిరాగ్గా చూసింది.

"గింత సన్నగ ఏసిండ్రేంది బిడ్డా? నేను మస్తు మొక్కిన గద!"

శుభ్రత గురించి ఆ కథనంలో తొమ్మిది సూత్రాలు రాశాను. అవ్వ ఊసు ఒక్క ముక్క లేదు, నిజం ఆవిడకి తర్వాతా చెప్పలేదు. పేరు మోజులో ఉన్న కుర్రాడికి అంత ధైర్యం ఎక్కడిది? ఆ తర్వాత నా పేరు చాలాసార్లు, ఇంకా పెద్ద అక్షరాల్లోనే వచ్చింది. అది చాలదని నా తరఫున అలిగినవాళ్లు మాత్రం మళ్లీ దొరకలేదు.