కిరాణా గుడ్లు పొదిగిన కోడి

పెళ్లయి ఇస్నాపూర్‌లో కాపురం పెట్టేదాకా నేను కోడిని ముట్టుకుని ఎరగను. కోస్తాలో పట్నం పిల్లను. మా ఆయనకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఒక రైతు కుటుంబం పెరట్లోని గదిలో అద్దెకుండేవాళ్లం. ఇంటావిడను పెద్దమ్మా అనేదాన్ని.

ఒకరోజు లక్డారంలో కూతురు కాలు విరిగిందని కబురొచ్చి, ఆవిడ ఇంటికి తాళమేసి వెళ్తూ నాలుగు పెట్టల్నీ పుంజునూ నాకు అప్పజెప్పింది.

"పొద్దుగాల గూడు తెరువు, పొద్దుమీకినంక ముయ్యి. గంతే బిడ్డా, పరేషాన్ గాకు."

గూట్లో ఉన్న గుడ్లన్నీ కూతురి కోసం మూటగట్టుకుపోయింది.

రెండోరోజు ఎర్ర పెట్ట గూట్లోంచి కదల్లేదు. చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి పొడిచింది.

"పొదుగుకొచ్చినట్టుందే," అన్నారు మా ఆయన, దూరంగా నిలబడి.

దాని కింద గడ్డి తప్ప ఏమీ లేదు. ఉత్త గడ్డిని అంత శ్రద్ధగా పొదుగుతుంటే చూడలేకపోయాను. కిరాణా కొట్టుకు వెళ్లి డజను తెల్లగుడ్లు అడిగాను.

"మంచివి చూసి ఇవ్వండి, పిల్లల కోసం."

"ఎంతమందమ్మా పిల్లలు?"

"పన్నెండు."

కొట్టతను నన్ను ఎగాదిగా చూసి పొట్లం కట్టాడు.

ఆ గుడ్లు కింద పెట్టాక ఎర్ర పెట్ట రోజుకొక్కసారే మేతకు దిగేది. అది రెక్కలు విదిలిస్తూ వస్తే పుంజుతో సహా అందరూ గోడెక్కేవాళ్లు. గూట్లో చోటు దక్కని మిగతా పెట్టలు మా గదిలోకి దూరి గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. ఒక ఉదయం మా ఆయన డ్యూటీ బూటులో కాలు పెట్టి కెవ్వుమన్నారు. పగలని గుడ్లతో మేం రోజూ అట్లు వేసుకున్నాం.

మూడువారాలకు పెద్దమ్మ వచ్చింది. గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అప్పటికే రెండు గుడ్లు కుళ్లి పగిలాయి. నేను జరిగిందంతా చెప్పాను.

"అయ్యో బిడ్డా, గివి ఫారం గుడ్లు. గీటికి అయ్య లేడు! పిల్లలయ్యే గుడ్లు మీరు తిని, తినే గుడ్లు కోడికి పెట్టినవా?"

నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా కోసం కాదు, తిండి సరిగా తినక చిక్కి సగమైపోయిన ఆ పెట్ట కోసం.

పెద్దమ్మ నా మొహం చూసి నవ్వాపింది. ఆ సాయంత్రమే సైకిల్ మీద గంపతో తిరిగే అతని దగ్గర రంగులద్దిన కోడిపిల్లల్ని ఆరింటిని కొంది. మూడు గులాబీ, మూడు ఆకుపచ్చ. మసక చీకట్లో గుడ్లు తీసేసి, ఒక్కో పిల్లనూ పెట్ట రెక్క కిందికి తోసింది.

తెల్లారాక గూడు తెరిస్తే ఎర్ర పెట్ట ఆరింటినీ వెంటేసుకుని రాణిలా దిగింది. రంగు సంగతి దానికి పట్టలేదు. పుంజు మాత్రం ఆకుపచ్చ పిల్లను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

నాలుగు నెలల్లో రంగులు పోయి, ఆరూ తెల్లటి పుంజులయ్యాయి. నైట్ షిఫ్టు చేసొచ్చి మా ఆయన పడుకోగానే ఒకటి కూస్తే మిగతా అయిదూ అందుకునేవి.

"వచ్చే ఆదివారం ఒకటి కోయాల్సిందే," అన్నారాయన ఎర్రటి కళ్లతో.

పెద్దమ్మ వండి పంపింది. నేను కళ్లు తుడుచుకుంటూనే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.