నూకరత్నం గారి అడ్డపొగ

2002లో నేను కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నర్సుని. కాలిన ఒళ్ళూ తెగిన వేళ్ళూ చూసే మా దగ్గరికి ముఖం మీది ముడతలు తీయించుకోవడానికి ఒకావిడ రావడం అదే మొదలు. పేరు నూకరత్నం గారు. చేపల గంప మోసి, తర్వాత రొయ్యల చెరువుల్లో నాలుగు డబ్బులు కళ్ళజూసిన మనిషి. "కొనడానికొచ్చినోళ్ళు నన్ను మామ్మా అని పక్కన కూచోబెట్టి, బేరం మా కోడలితో ఆడతన్నారండి," అన్నారు.

ఫేస్‌లిఫ్ట్ అంటే చెవి ముందూ వెనకా కోసి, చర్మాన్ని లేపి పైకి లాగి, మిగిలింది కత్తిరించి కుట్టడం. లేపిన చర్మాన్ని ఫ్లాప్ అంటారు. దానికి నెత్తురు అందకపోతే నల్లబడి చచ్చిపోతుంది. అప్పుడు ముడతలే నయమనిపిస్తాయి. పొగతాగేవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ కాబట్టి ముందే అడుగుతాం. అడుగుతాం అంటే, మగవాళ్ళని. ఆడవాళ్ళని ఆ మాట అడగడానికి మా డాక్టరుగారికి మహా మొహమాటం.

ఆపరేషన్‌కి ముందురోజు నేను వాపు, కమిలిన మచ్చలు, చెవుల దగ్గర తిమ్మిరి గురించి చెబుతుంటే ఆవిడ పెదాలు బిగించి బుగ్గలు లోపలికి పీల్చుకుంటున్నారు. చుట్ట లేనప్పుడు మా నాయనమ్మా అచ్చం అలాగే చేసేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అంగిట్లో పుండు లేచి, అది కేన్సరై చనిపోయింది.

తోడొచ్చిన కోడలిని కాఫీకి పంపించి, నాయనమ్మ సంగతి చెప్పి, మీరూ తాగుతారా అని అడిగేశాను.

"డబ్బులొచ్చాక చాటుగా తాగుతన్నానండి. కోడలికి చెప్పకండి," అన్నారు తలొంచుకుని.

నేను చెప్పగానే డాక్టరుగారు ఆపరేషన్ వాయిదా వేసి, అంగిలి చూశారు. తెల్లటి మచ్చ. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే, దేవుడి దయవల్ల చెడ్డదేమీ కాదని తేలింది. చుట్ట మానడానికి ఆవిడ నానా అవస్థా పడ్డారు, లవంగాలు నమిలి నమిలి నోరు పూసిందట.

ఎట్టకేలకు ఆపరేషనయింది. ఫ్లాప్ చక్కగా అతుక్కుంది. కట్టు విప్పి అద్దమిస్తే, బూరెలా ఉన్నానని బెంగపెట్టుకున్నారు. వాపుంటుందని చెప్పానా లేదా అని కసిరాను.

కొన్ని నెలలకి వచ్చారు. ముఖం తేటపడింది. ఇప్పుడేమని పిలుస్తున్నారని అడిగితే, "మామ్మా అనే అంటన్నారండి. పిలుపుదేముంది, బేరం మాత్రం నాతోనే ఆడమన్నాను," అన్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, "ముడతలు మళ్ళీ వస్తే రానీండి. ఇది చూడండి," అని నోరు తెరిచారు. మచ్చ పోయింది.

ఆ తర్వాత మా వార్డులో ఆడా మగా అని చూడకుండా అందరినీ పొగ సంగతి అడిగాం, ఇంట్లోవాళ్ళని బయటికి పంపి మరీ. నిజం చెప్పిన నూకరత్నం గారికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మా నాయనమ్మని ఆ మాట ఎవరూ అడగలేదు.