గొల్లభామ వాగు దాటిన రోజు

మా చిన్నప్పుడు... రాత్రి అన్నాలయ్యాక బాపు మగ్గం పక్కనే చాప పరిచేవాడు. నేను ఆయన చెయ్యి మీద తల పెట్టుకుని "బాపూ, ఇయ్యాల గొల్లభామ ఏడికి పోయింది?" అని అడిగేదాన్ని.

మాది సిద్దిపేటలో మగ్గం ఉన్న ఇల్లు. బాపు నేసే చీరల అంచు మీద నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామలు వరసగా నడుస్తుంటారు. పగలంతా వాళ్ళను నేసి నేసి, రాత్రికి అందులో ఒకామెను నా కథలోకి పంపేవాడు.

మామూలుగా బాపు మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండే మనిషి. కథ దగ్గర మాత్రం ఎక్కడెక్కడి సంగతులో తెచ్చేవాడు. గొల్లభామ గజ్వేల్ అంగట్లో చల్ల అమ్మేది... కుండ మీద కాకి వాలితే దానితో కొట్లాడేది... అలిగిన కోతిని బుజ్జగించేది... ఎంత దారి తప్పినా పొద్దుగూకేసరికి ఇల్లు చేరాల్సిందే. ఆమె ఇల్లు చేరనిదే నాకు నిద్ర రాదు, బాపుకు విడుదల లేదు!

ఒక వానాకాలం అమ్మకు జ్వరం ముదిరి దవాఖానలో పెట్టారు. పిల్లల్ని లోపలికి రానివ్వరని నన్ను ఇంట్లోనే బాపు వాళ్ళమ్మ, మా బాపమ్మ దగ్గర ఉంచారు. బాపు మగ్గం ఆపేసి పగలంతా అమ్మ దగ్గరే ఉండి, రాత్రికి మా మేనత్తను అక్కడ ఉంచి, నా కోసం ఇంటికి వచ్చేవాడు.

అమ్మ ఎట్లా ఉందని అడిగితే "మంచిగుంది" అనేవాడు. ముఖం చూస్తే నమ్మబుద్ధి అయ్యేది కాదు. అందుకే కథ అడిగేదాన్ని. కథలో బాపు అబద్ధం చెప్పడని నా గట్టి నమ్మకం మరి!

ఒక రోజు... గొల్లభామ వాగు దగ్గరికొచ్చింది. వాగు పొంగుతోంది. బాపు అక్కడే ఆగిపోయాడు.

"దాటిందా బాపూ?"

"ఇంకా దాటలే బిడ్డా..."

నేను ఏడిస్తే ఆమె కాలు జారుతుందేమోనని ఏడుపు దిగమింగాను. "తొందరపడొద్దని చెప్పు బాపూ... ఒడ్డు మీద కూసోమను. నీళ్ళు తగ్గినంక రమ్మను" అన్నాను. బాపు నన్ను గట్టిగా హత్తుకున్నాడు.

మర్నాడు నేను ముద్ద ముట్టలేదు. బాపమ్మ బతిమాలింది, బెదిరించింది, "గింత మొండిపోరిని యాడ సూడలే" అని తిట్టింది కూడా. నేను గడప మీద నుంచి కదల్లేదు.

ఇంకా వెలుగుండగానే బాపు వచ్చాడు. సైకిల్‌ను గోడకు ఆనించి, ఒక్క ఉదుటున నన్ను ఎత్తుకున్నాడు.

"దాటింది బిడ్డా! జరం తగ్గింది. మీ అమ్మ కండ్లు తెరిచి నిన్నే అడిగింది!"

హమ్మయ్య... తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం కుదుటపడుతుంది. ఆ పూట నేను తిన్న తిండి గురించి బాపమ్మ చాలా రోజులు వాడంతా చెప్పుకుంది.

మొన్న అమ్మ దగ్గర ఈ ముచ్చట తీస్తే నవ్వింది. "కథలు నీకొక్కదానికే చెప్పిండనుకున్నవా? దవాఖానల నాకు గూడ చెప్పిండు. నువ్వు మంచిగ తింటున్నవట, ఆడుకుంటున్నవట, అమ్మ యాదికే లేదట! గవి ఇనే నేను నిమ్మళంగ పండుకున్న."

నేనేమో ఆ రోజులన్నీ అమ్మనే తలుచుకుంటూ, చివరికి ముద్ద కూడా ముట్టకుండా కూర్చున్నాను! పక్కన కూర్చున్న బాపు ఏమీ ఎరగనట్టు టీవీ చూస్తున్నాడు.

ఇప్పుడైతే వీడియో కాల్‌లో ముఖాలు చూసేసుకుంటాం... ఎవరూ ఎవరికీ కథ కట్టే పని లేదు. మంచిదే. కానీ మా ఇద్దరికీ చెరొక కథ చెప్పి నిద్రపుచ్చిన ఆ రోజుల్లో, బాపుకు మాత్రం ఎవరు కథ చెప్పారో...

మీ ఇంట్లో అట్లా కథలు అల్లినవాళ్ళు ఎవరు? చెప్పండి, వింటాను.