ముప్పై ఒకటి దాకా చాలు

అశోక్‌నగర్‌లో అరిథ్‌మెటిక్ చెప్పి బతికేవాడికి లెక్కలు రానవసరం లేదు. లెక్కను ఎంత తొందరగా వదిలించుకోవచ్చో తెలిస్తే చాలు. ఈ మాట ఇంకెవరినో అనడం లేదు, నన్ను నేనే అనుకుంటున్నాను. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివాను. అంకెలంటే ప్రాణం పెట్టేవాణ్ణి. ఆ చదువంతా తీసుకెళ్ళి ఉద్యోగ పరీక్షల ట్రిక్కుల్లో పోశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

మా తాత రాష్ట్రం ఏర్పడిన కొత్తలో సచివాలయంలో గుమాస్తాగా కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో దిగాడు. మేం ఇప్పటికీ అక్కడే ఉన్నాం. రోజూ పొద్దున్నే చిక్కడపల్లి మీదుగా నడుచుకుంటూ అశోక్‌నగర్ వెళ్ళి ఏడింటికల్లా బోర్డు ముందు నిలబడతాను. రేకుల షెడ్డు కింద రెండు వందల మంది ఉంటారు. వెనక వరసల వాళ్ళకు బోర్డు కనబడదు, టీవీ తెరలో నా చెయ్యి కనబడుతుంది.

నేను చెప్పేవాటిలో కారణాంకాల పాఠం ఒకటి. ఒక పెద్ద సంఖ్య ఇచ్చి దానికి కారణాంకాలు ఎన్ని అని అడుగుతారు. ముందు దాన్ని విడగొట్టాలి. 2తో తెగుతుందా, 3తో తెగుతుందా, తర్వాత 5, 7, 11... ఇలా ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించి చూసుకుంటూ పోవాలి. దేనితోనూ తెగకపోతే అదే ఒక ప్రధాన సంఖ్య. దానికి ఒకటీ, అదీ తప్ప వేరే కారణాంకాలుండవు. సరే, ఎంతదాకా చూడాలి? ఉన్న అందమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. చేరిన కొత్తలో దానికి ముప్పావుగంట తీసుకునేవాణ్ణి. ఆ సంఖ్య వర్గమూలం దాకా చూస్తే చాలని, ఎందుకు చాలో బోర్డు నిండా రాసి చూపించేవాణ్ణి. మూడంకెల సంఖ్య అయితే 31 దాటి చూడక్కర్లేదని చివర్లో చెప్పేవాణ్ణి.

మా కోచింగ్ సంస్థ నడిపే ఆయన నాకంటే పదేళ్ళు చిన్నవాడు. ఒకరోజు క్లాసు అయ్యాక పక్కకు పిలిచి, "సార్, మీరు మస్తు చెప్తరు. గానీ పిల్లలకు గంత లోతు ఎందుకు? ప్రశ్నకు ముప్పై సెకన్లే ఉంటది. ట్రిక్ ఇచ్చి పంపియ్యుండ్రి," అన్నాడు. మర్నాటి నుంచి కారణం చెప్పడం మానేశాను. ఇంకో రెండు బ్యాచులయ్యాక మూడంకెల సంఖ్య అన్న షరతు కూడా నా నోటి నుంచి జారిపోయింది. ఎప్పుడు జారిందో కూడా నాకు గుర్తు లేదు. చివరికి మిగిలిందల్లా ఒక్క ముక్క: "31 దాకా చూడండి. తెగలేదా, ప్రైమ్. టిక్ పెట్టి ముందుకు పొండి." సంస్థ అచ్చేసి పంచే మెటీరియల్‌లో దానికి ఎర్రగీతల డబ్బా కట్టి వేశారు. పరీక్షల్లో అడిగేవి ఎక్కువగా మూడంకెలవే కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఏడాది బ్యాచులో ఒకమ్మాయి ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ, ఆ నోటిఫికేషన్‌తో ఆమెకు వయోపరిమితి అయిపోతుంది. చేరిన రోజే ఫారం నింపుతూ, "నాకిదే ఆఖరుది సార్," అంది. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు పల్లె. తల్లి కవాడిగూడ బస్తీలో ఉంటూ బిల్డింగు పనులకు పోతుంది. ఈమె పొద్దున మా దగ్గర క్లాసు వినేది, మధ్యాహ్నం నారాయణగూడలో ఒక బట్టల కొట్లో నిలబడేది, సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీకి పోయేది. ఎప్పుడూ మొదటి వరసలో కుర్చీ పట్టుకునేది. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. అలాంటి మనిషి కారణాంకాల పాఠం రోజు చెయ్యెత్తింది.

"సార్, 31 కాడనే ఎందుకు ఆపాలె? దాని తర్వాత గూడ ప్రైములు ఉంటయి కద?"

ఇరవై ఏళ్ళ కిందట ఎవరైనా ఈ మాట అడిగి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఆ రోజు గడియారం చూసుకున్నాను. ఇంకా పదకొండు లెక్కలున్నాయి. "చూడమ్మా, ఎందుకు అని అడిగేవాళ్ళు రీసెర్చికి పోవాలి. ఎంత అని అడిగేవాళ్ళకే ఉద్యోగాలొస్తాయి," అన్నాను. షెడ్డంతా గొల్లున నవ్వింది. నాకూ ఆ మాట నచ్చింది, దాచడం దేనికి? ఆ తర్వాత ఇంకో బ్యాచులో కూడా వాడాను. ఆమె చెయ్యి దించి, ఎర్రడబ్బాలో ఉన్నదాన్నే నోట్సులో మళ్ళీ రాసుకుంది. ఇంకెప్పుడూ నన్ను ఏమీ అడగలేదు.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. 1763కి కారణాంకాలు ఎన్ని? రెండు, మూడు, నాలుగు, ఆరు అని నాలుగు జవాబులిచ్చారు. ఆ సాయంత్రం క్యాంటీన్ల దగ్గర, హాస్టల్ మెట్ల మీద పిల్లలు గుంపులు గుంపులుగా నిలబడి చర్చించుకున్నారు. మావాళ్ళంతా రెండు అనే పెట్టారు. 31 దాకా దేనితోనూ తెగలేదు కాబట్టి అది ప్రైమ్. సార్ చెప్పారు కదా!

కొన్నాళ్ళకు ప్రాథమిక కీ బయటికొచ్చింది. అందులో జవాబు నాలుగు అని ఉంది. అశోక్‌నగర్‌లో కీ వచ్చిన రోజు పెద్ద తిరునాళ్ళు. ఏ ప్రశ్నకు అభ్యంతరం పెట్టాలి, ఏ ఆధారం చూపించాలి అని ప్రతి సంస్థా పిల్లల్ని పోగుచేస్తుంది. మావాళ్ళూ పోగుచేశారు. షెడ్డు నిండిపోయి, బయట సందులో కూడా నిలబడ్డారు. సంస్థ ఆయన మైకు నాకిచ్చి, "1763 సంగతి తేల్చుండ్రి సార్," అన్నాడు.

తేల్చాను. 7తో భాగిస్తే శేషం 6, 11తో 3, 13తో 8... ఒక్కొక్కటీ బోర్డు మీద వేసుకుంటూ వెళ్ళాను. 29 దగ్గర శేషం 23, 31 దగ్గర 27. మార్కర్ మూతపెట్టి, "ప్రైమ్. కారణాంకాలు రెండే. కీ తప్పు. అందరూ అభ్యంతరం పెట్టండి," అన్నాను. చప్పట్లు కొట్టారు. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణంలో నాకు అనుమానం రాలేదు. పిల్లల్ని మోసం చేద్దామనుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళకు చెప్పిన అబద్ధం నాకే నిజమైపోయింది, అంతే. ఎమ్మెస్సీ చదివిన చెయ్యి 31 దగ్గర దానంతటదే ఆగిపోయింది.

మొదటి వరసలో ఆమె లేచింది. "41తో తెగుతది సార్."

"ఎంతమ్మా?" అన్నాను, చిరాగ్గానే.

"41 ఇంటూ 43."

బోర్డు వైపు తిరిగి గుణించాను. 43 నలభైలు 1720, దానికి 43 కలిపితే 1763. తప్పించుకోవడానికి అందులో సందు లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అంతమంది ముందు నిలబడి ఉన్న నాకు తిరిగి వాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేదు. ఒక్క మాట, తప్పు నాదే, మీరు నన్ను నమ్మి పెట్టారు, అంటే సరిపోయేది. సంస్థ ఆయన నా చేతిలోంచి మైకు తీసుకుని, "ఓకే, గిది వదిలేయుండ్రి, నెక్స్ట్ ప్రశ్న," అన్నాడు. నేనూ ఊపిరి పీల్చుకుని నెక్స్ట్ ప్రశ్నకు వెళ్ళాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందరూ వెళ్ళాక ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. 41 ఎలా దొరికిందని అడిగాను.

"పరీక్ష రాసిన నాడే ఇంటికి పోయి కూసోని చేసిన సార్. 37తో పోలే, 41తో పోయింది."

"మరి పరీక్షలో?"

"పరీక్షల మీరు చెప్పిందే పెట్టిన. రెండు."

అంటే ఇన్నాళ్ళూ తెలిసి కూడా ఎవరితోనూ అనలేదు. కీ వచ్చేదాకా, నేను బోర్డు మీద తేల్చేదాకా ఆగింది. కోపం లేదు ఆమె గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది. చేతిలో నోట్సు తెరిచి బల్ల మీద పెట్టి, "ఇప్పుడైతే టైం ఉంది కద సార్. ఎంతదాక చూడాలె, ఎందుకు చూడాలె, జర చెప్పండి," అంది.

చెప్పాను. ముందు 24 తీసుకోమన్నాను. జతలు రాయించాను: 1తో 24, 2తో 12, 3తో 8, 4తో 6. తర్వాత 6తో 4, 8తో 3. "అవ్వే తిరగబడి వస్తున్నయి," అంది తనే. అవునమ్మా, ప్రతి జతలోనూ ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండూ వర్గమూలాన్ని మించి ఉంటే లబ్ధం సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి చిన్నది వర్గమూలం లోపలే దొరకాలి. 42ని 42తో గుణిస్తే 1764, మన సంఖ్యకు ఒకటి ఎక్కువ. అందుకని 1763కి 41 దాకా చూడాల్సిందే. 31 అన్నది వెయ్యి లోపు సంఖ్యల మాట.

ఆమె కాసేపు కాగితం వంకే చూసింది. గోడ గడియారంలో అయిదు నిమిషాలు కూడా కాలేదు.

"ఇంతేనా సార్?" అంది.

నోట్సు మూసి సంచిలో పెట్టుకుని, వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. తిలా పాపం తలా పిడికెడు. "పరీక్ష పెట్టేటోళ్ళు సిలబస్ దాటి ఇస్తే మనమేం జేస్తం?" అన్నాడు సంస్థ ఆయన. కొత్త మెటీరియల్‌లో డబ్బా అలాగే ఉంచి 31 కొట్టేసి 47 వేయించాడు. నేను పట్టుబట్టి ఒక బ్యాచుకు వర్గమూలం సంగతి మొదటి నుంచీ చెప్పబోయాను. పది నిమిషాలకే ఒకతను లేచి, "సార్, ఇది పేపర్ల అడుగుతరా?" అన్నాడు. అడగరు. ఆపేశాను. పౌరుషం పొడుచుకొచ్చి రాజీనామా చేశానని రాసుకుంటే బాగుండేది. చెయ్యలేదు. మర్నాడూ ఏడింటికి వెళ్ళాను.

ఫలితాలొచ్చాయి. మా సంస్థ నుంచి బాగానే వచ్చాయి. ఆమె నంబరు లేదు. ఒక్క మార్కు తక్కువైందని ఆమె స్నేహితురాలు చెప్పింది. ఏ ప్రశ్న మార్కైనా కావచ్చు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పేపరులో ఆమె తప్పు చేసినవి ఇంకా ఉండే ఉంటాయి. కానీ అవి ఆమె తప్పులు. ఇది నాది.

గోడకు కట్టే ఫ్లెక్సీ కోసం ఎంపికైన వాళ్ళ ఫోటోలు కావాలని, ఎవరి సబ్జెక్టు పిల్లలకు వాళ్ళే ఫోన్లు చేయాలని సంస్థ ఆయన జాబితా ఇచ్చాడు. పన్నెండు మందికి చేశాను. అందరూ సార్, మీ దయ అన్నారు. పదమూడో ఫోను జాబితాలో లేనిది. ఆమెతో ఏం మాట్లాడాలో తెలియదు, కనీసం ఆ మైకు ముందు మింగేసిన మాటైనా చెబుదామనుకున్నాను. ఫారంలో ఉన్న నంబరు తల్లిదట. అటు కాంక్రీటు కలిపే మిషను మోత. తల్లి గట్టిగా అరుస్తూ మాట్లాడింది.

"లెక్కల సారా? అయ్యో, మీరా! మా పిల్ల రోజు మీ ముచ్చటే చెప్తుండె సారూ."

అమ్మాయి ఉందా అని అడిగాను.

"లేదు సారూ, లైబ్రరీకి పోయింది. పొద్దున కొట్టుకు పోతది, అటు నుంచి అటే లైబ్రరీకి. ఈపారి జర్రల పోయిందట గద. మళ్ళ పరీక్ష పడతదట, రాస్తనంటున్నది. పుస్తకాలు మూసింది లేదు."

వయసు దాటిపోయిందని తల్లికి చెప్పలేదన్నమాట. ఇక రాయడానికి పరీక్షే లేని మనిషి రోజూ వెళ్ళి చిక్కడపల్లిలో పుస్తకం ముందు కూర్చుని వస్తోంది. నేను లైన్లో లేననుకుందేమో, ఆమె ఇంకా గట్టిగా అంది:

"మాకేం తెల్వదు సారూ, సదువురానోళ్ళం. ఈపారి మీరే జర దగ్గరుండి మంచిగ చెప్పుండ్రి."

"అలాగేనమ్మా, చెప్తాను," అన్నాను.

"మీ కడుపు సల్లగుండ," అంది ఆమె.