పసుపు లేని స్నానం

మా పెద్దపిల్ల పుట్టిన అయిదో రోజు పొద్దున పాలకు లేవలేదు. చెంప తట్టినా, అరికాలు గీరినా కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది. ఏదో తేడాగా ఉందని నాకు అప్పుడే అనిపించింది.

మాది ఇబ్రహీంపట్నం. అమ్మ లేదు కాబట్టి తొలి కాన్పుకు అత్తగారింట్లోనే ఉన్నాను. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచి లచ్చవ్వే పిల్లకు నీళ్లు పోసేది. మా వాడలో పిల్లలందరూ ఆమె కాళ్ల మీద పెరిగినవాళ్లే. పీట మీద కాళ్లు చాపుకొని, పిల్లను బోర్లా వేసుకొని నూనె, శనగపిండి, పసుపు రుద్దేది. తర్వాత సాంబ్రాణి పొగ. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నా చేతుల్లో ఆ చిన్న బరువు గుర్తొస్తుంది.

ఆ పొద్దున పిల్ల పచ్చగా ఉందంటే లచ్చవ్వ నవ్వింది.

"గంత పసుపు రుద్దితే పచ్చగ గాక నల్లగుంటదా?"

"పాలు తాగుతలేదు అవ్వా."

"ఏడుస్తలేదు, సతాయిస్తలేదు. గిసుంటి పిల్ల ఎవలకు దొరుకుతది?"

అత్తమ్మ వంటింట్లోంచే అంది. "ఇరవై ఒకటో దినం పురుడు అయ్యేదాంక బాలింత గడప దాటొద్దు. జర ఓపిక పట్టు."

నేను ఎదురు చెప్పే మనిషిని కాదు. ఆ రోజుకు ఆగాను. మర్నాడు లచ్చవ్వ పసుపు డబ్బా తెరవగానే చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, ఇయ్యాల ఒక్కదినం ఉత్త సబ్బుతోని పొయ్యి."

పోసింది. వాకిట్లో వెలుతురులో తెల్ల తువ్వాలతో తుడిచాం. తువ్వాలకు పసుపు అంటలేదు. పిల్ల మాత్రం పాదాల దాకా పచ్చగానే ఉంది. రెప్ప ఎత్తితే కంటి తెలుపు కూడా పచ్చనే.

"ఇది నేను రుద్దింది కాదు బిడ్డా," అంది లచ్చవ్వ, మెల్లగా.

అత్తమ్మ లోపలికి వెళ్లింది. తన శాలువా తెచ్చి నా చెవులకు గట్టిగా చుట్టింది. "పా, ఆటో పిలుస్త."

"మరి పురుడు?"

"పిల్ల ఉంటెనే గద పురుడు."

దవాఖానలో రక్తం తీశారు. "ఇవి కామెర్లు. రక్తంల బిలిరుబిన్ చాలా ఎక్కువుంది. ఫోటోథెరపీ పెట్టాలె," అన్నది డాక్టరమ్మ. "పాలు తాగనప్పుడే తేవాలె కదమ్మా, నిన్న ఎందుకు తేలే?"

"నేనే ఆపిన మేడం," అంది అత్తమ్మ.

కళ్లకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టారు. నా పాలు పిండి, చెంచాతో పట్టేదాన్ని. రెండు రోజులకు తగ్గిందని లైటు తీశారు. తెల్లారి పరీక్షలో మళ్లీ పెరిగింది, మళ్లీ పెట్టారు. ఆ రోజు అత్తమ్మ ముద్ద ముట్టలేదు. ఆ తర్వాత మూడో నాడు పిల్ల పాల కోసం గుక్కపట్టి ఏడ్చింది. అంత కమ్మటి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

ఇరవై ఒకటో రోజునే పురుడు చేశాం. లచ్చవ్వే నీళ్లు పోసింది, పసుపు లేకుండా. ఇప్పుడామె లేదు. పిల్ల ఏడో తరగతి. వాడలో ఎవరికి కాన్పైనా అత్తమ్మే ముందు వెళ్తుంది. "పసుపు పక్కన వెట్టున్రి, ముందుగాల కండ్లు చూడున్రి," అంటుంది.

తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. నాలాగా మర్నాటి స్నానం దాకా కూడా ఆగకండి. పాలకు లేవని పిల్లను ఎత్తుకొని వెంటనే దవాఖానకు వెళ్లండి. పురుడు ఆగుతుంది.