అందరిచేతా పలికించిన వాక్యం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెంగళూరు మారతహళ్ళిలోని ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. వచ్చేవాళ్ళంతా చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళే. ఒక్కొక్కరినీ లేపి మాట్లాడమంటే తల దించుకునేవారు. అందుకని కుర్చీలు గుండ్రంగా వేయించి, నలుగురేసి చొప్పున గుంపులు చేశాను. పక్కనున్నామె కథ విని, లేచి క్లాసుకు చెప్పాలి. అంతా ఇంగ్లీషులోనే. వారం తిరక్కుండా గది సంతలా మోగింది. నాకు గర్వంగా ఉండేది.

హూడిలో బట్టల షాపులో పనిచేసే ఒకామె ఉండేది. అనంతపురం వైపు నుంచి వచ్చింది. భర్త దుబాయ్‌లో ఉన్నాడని మొదటిరోజే చెప్పింది. ఆమె పక్కన కూర్చునేది బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఆ పిల్ల నెలరోజులైనా క్లాసులో నోరు విప్పలేదు.

ఒకరోజు ఆ పిల్ల తనంతట తానే లేచింది.

"హర్ హస్బెండ్ నో దుబాయ్. జిగణి. అనదర్ వైఫ్ హావ్," అంది.

జిగణి బెంగళూరు పక్క ఊరే. కానీ నా చెవికి వినబడింది వ్యాకరణం తప్పొక్కటే. చప్పట్లు కొట్టాను. "హావ్ కాదు, హ్యాజ్," అని బోర్డు మీద రాసి, "హీ హ్యాజ్ అనదర్ వైఫ్" అని క్లాసంతటి చేతా రెండుసార్లు చెప్పించాను. రెండోసారి ఆ బట్టల షాపు ఆమె పెదవులు కూడా కదిలాయి. తర్వాత బ్యాగు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అప్పుడు గాని నాకు తట్టలేదు, అందరం కలిసి ఏం పలికామో.

ఆ వారమంతా ఆమె రాలేదు. ఆదివారం షాపుకు వెళ్ళాను. నైటీలు మడత పెడుతోంది.

"క్లాసుకు రావడం లేదేం?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"మా వీధి పిల్ల ఇంకొకతి ఆ క్లాసులో ఉండాది మేడం. మాట ఓనరమ్మ దాకా పోయింది. మొగుడొదిలేసినోళ్ళకు ఇల్లు బాడుగకియ్యరంట. ఖాళీ చెయ్యమన్నారు."

"మరి నీ పక్కన కూర్చునే పిల్లతో ఎందుకు చెప్పావమ్మా?"

అడిగాక సిగ్గేసింది. తప్పు ఆమె మీదికే తోస్తున్నాను.

"ఇంగ్లీషులోనే చెప్పాలంటిరి కదా. తెలుగులో ఐతే దుబాయ్‌లో పని, ఫోన్లు, అన్నీ అల్లి చెప్తా. ఆ పిల్ల ఒకటెనక ఒకటి అడుగుతాంటే, అల్లేంత ఇంగ్లీషు నాకు యాడొచ్చు? ఉన్నదే చెప్పేస్తి."

క్షమించమని అడగాలనే వెళ్ళాను. అంతలో ఎవరో ఏదో రేటు అడిగారు, ఆమె అటు తిరిగింది. నేను అక్కరలేని నైటీ ఒకటి కొనుక్కుని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేసరికి పని మానేసిందన్నారు. ఎక్కడికి వెళ్ళిందో వాళ్ళకూ తెలియదు.

ఆ తర్వాత గుంపులకు బొమ్మలు ఇచ్చాను. బస్టాపు, కూరగాయల అంగడి, అలాంటివి. వాటి గురించే మాట్లాడుకోమన్నాను. ఎవరి ఇంటి సంగతీ అడగలేదు.

ఏడాదికి, ఆ రోజు లేచి చెప్పిన పిల్ల స్వీట్ల డబ్బాతో వచ్చింది. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికిందట.

"ఆ పొద్దు మీరు ధైర్యం ఇయ్యకపోయుంటే నాకీ పని సిక్కేది కాదు మేడం," అంది.

తన మాట ఎంత దూరం పోయిందో ఆ పిల్లకు తెలిసినట్టు లేదు. చెబుదామా అనుకున్నాను. చెబితే, దాన్ని దిద్ది అందరిచేతా పలికించింది నేనేనని కూడా ఒప్పుకోవాలి. స్వీటు తీసుకుని నోట్లో వేసుకున్నాను.