ముందు మాటల్లో చెప్పండి

మా బావ పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. మెట్ల కింద గది ఆయనది. దానికి కిటికీ లేదు. ఈయనకు కిటికీ ఎందుకులే అని ఆ గది ఇచ్చి ఉంటారు. చిన్నప్పుడు ఒక జ్వరంలో చూపు పోయింది. ఆ సంగతి, అడిగితే, తన బ్లడ్ గ్రూపు చెప్పినంత తేలిగ్గా చెబుతాడు. అడక్కపోతే చెప్పడు. గొడవంతా వచ్చింది అక్కడే.

అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక ఎక్స్ఛేంజికి పని తగ్గిపోయింది. ఆయనకు పని నేర్పిన పాత ఆపరేటరమ్మ ఖాళీ దొరికితే స్వెట్టర్లు అల్లేది. ఈయన పని లేనప్పుడల్లా బల్ల మీద దరువు వేస్తుంటే ఒకరోజు విసుగొచ్చి, రెండు సూదులూ ఒక ఊలు ఉండా ఆ చేతుల్లో పెట్టింది. ఆవిడ రిటైరైపోయింది గానీ సూదులు ఆ చేతుల్లోంచి దిగలేదు. ప్రసూతి వార్డు నర్సులు పిల్లల టోపీల కోసం మెట్ల కిందికి వచ్చి పోతుంటారు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఇక ఒక్క స్వెట్టరు కూడా అల్లడానికి వీల్లేదని మా అక్క ఖరాఖండిగా చెప్పేసింది. బీరువా తలుపు పడటం లేదు.

అల్లికలవాళ్ళకు ఇంటర్నెట్టులో ఒక గది ఉండేది. ఒక పెద్ద కంపెనీ సైటులో ఉన్న వేల గదుల్లో అదొకటి. కంపెనీ చోటిచ్చి, ప్రకటనలు వేసుకుని సంపాదించుకునేది. గదిని ఊడ్చి సర్దే చాకిరీ మాత్రం జీతం లేనివాళ్ళది. అల్లికల గదికి ఆ చాకిరీ చేసేది మా బావ. అక్కడ ఆయన పేరు ఊలుండ. ఎవరో పుణ్యాత్ముడు తయారుచేసి ఊరికే పంచిన యాప్ ఒకటి ఆయన ఫోన్లో ఉండేది. అందులో అయితే, గదిలో ఎవరేం రాసినా ఫోను ఆడగొంతుతో గడగడా చదివి వినిపించేది. మా అక్క ఆ గొంతును సవతి అని పిలిచేది.

ఆ గదిలో బావ పెట్టిన నియమం ఒకటుంది. ఫోటో పెట్టే ముందు అందులో ఏముందో రాయాలి. ఊలు ఎంత లావు, వరస ఎక్కడ మొదలైంది, ఎక్కడ తేడా కొడుతోంది, అన్నీ. రాయకుండా ఫోటో పెడితే మొహమాటం లేకుండా తీసేసి, "ఫోటో తర్వాత. ముందు మాటల్లో చెప్పండి" అని పెట్టేవాడు. కొత్తవాళ్ళు గొణిగేవారు. కొన్నాళ్ళకు వాళ్ళే మెచ్చుకునేవారు, రాస్తూ ఉండగానే తమ తప్పు తమకే దొరికిపోతోందని. ఇంత చాదస్తం ఎవరో పెద్దావిడకే ఉంటుందనుకుని అందరూ ఆయన్ని పెద్దమ్మా అనడం మొదలుపెట్టారు. బావ కాదనలేదు. తననెవరూ అడగలేదు కదా అన్నాడు.

ఆ పెద్దమ్మతో అందరూ హాయిగా పోట్లాడేవారు. కాలరు అల్లే తీరు మీద ఒక బ్యాంకు క్యాషియరమ్మ అయితే వారం పాటు వాదించింది, మీ కాలం పద్ధతులు మీ దగ్గరే ఉంచుకోండి అని కూడా అనేసింది. ఆ వారమంతా బావ ముఖం వెలిగిపోయింది. ఆస్పత్రిలో ఆయనతో ఎవరూ పోట్లాడరు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు, ఆయనకు దాటే పని లేకపోయినా.

ఇలా ఉండగా కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఇకపై తమ సైటును తమ సొంత యాప్‌లోనే చూడాలట. బయటివాళ్ళ యాప్‌లు నెలాఖరుకి మూత. బావ కంపెనీ యాప్ తెరిచి చూశాడు. సవతి గొంతు "బటన్. బటన్. బొమ్మ. బటన్" అని, అంతటితో ఊరుకుంది. ఫోను జేబులో పెట్టుకుని ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు. చెప్పకుండా తప్పుకుందామా, చెప్పి తప్పుకుందామా అన్నదే ఆయన బాధ. చెబితే ఆ గదిలో కూడా రోడ్డు దాటించడం మొదలవుతుంది.

ఆదివారం కూర్చుని రాశాడు. తాను పెద్దమ్మను కాదని, తనకు చూపు లేదని, నియమం పెట్టింది అందుకేనని, ఇన్నాళ్ళూ మాటల్లో చెప్పినందుకు అందరికీ రుణపడి ఉన్నానని. నాలుగే వాక్యాలు.

గది భగ్గుమంది. పెద్దమ్మ కాని పెద్దమ్మ కోసం జనం కంపెనీ మీద విరుచుకుపడ్డారు. నిరసనగా తామే గదికి తాళం వేసి, లోపలికి ఎవరూ రాకుండా చేశారు. అటువంటి తాళాలు ఆ వారం వేరే గదులకూ చాలా పడ్డాయి. కంపెనీ దులపరించుకుంది. దాంతో అందరూ కట్టగట్టుకుని బయటికి నడిచారు. అందరికంటే ముందు నడిచింది క్యాషియరమ్మే. పెద్దనాన్న లేని చోట మేమూ ఉండం అని రాసింది. పెద్దమ్మ ఆ పూటకే పెద్దనాన్న అయిపోయాడు.

వెళ్ళిన కొత్త చోటికి యజమాని లేడు. ఒకడు కట్టిన పెద్ద మేడలో అద్దెకుండటం కాకుండా, ఎవరి చిన్న ఇల్లు వాళ్ళు కట్టుకుని మధ్యలో తలుపులు పెట్టుకోవడం అన్నమాట. అల్లికలవాళ్ళ ఇల్లు వాళ్ళలోనే ఒకడైన లిఫ్టు మెకానిక్కు ఇంట్లో, చెప్పుల అర పక్కనున్న పాత కంప్యూటరులో ఉండేది. వాళ్ళమ్మ ఇస్త్రీ చేసుకోవాల్సి వస్తే ఆ ప్లగ్గే పీకేది. ఇస్త్రీ అయ్యేదాకా అందరూ ఓపిగ్గా బయట నిలబడేవారు. అక్కడ సవతి మళ్ళీ గడగడా చదివింది. బావ బతికి బయటపడ్డాననుకున్నాడు.

కానీ ఆయన భయపడ్డదే జరిగింది. అందరూ మెత్తబడిపోయారు. ఆయనేం చెప్పినా "అలాగే పెద్దనాన్నా" అనేవారు. ఎరుపు రంగు ఎలా ఉంటుందో ఒకామె ఆయనకు కవిత్వంలో వర్ణించింది. క్యాషియరమ్మ కూడా కాలరు విషయంలో మీరే రైటు అని ఒప్పేసుకుంది. బావకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడకి కాలరు కుదిరింది, నా పద్ధతి తప్పు. తనకీ తెలుసు," అన్నాడు నాతో. "నాతో ఎవరూ పోట్లాడట్లేదే."

మూడు నెలలు గడిచాయి. పాత గది తాళం కంపెనీయే తీసేసింది, ఊడ్చేందుకు కొత్తవాళ్ళను పిలిచింది. ఒక్కొక్కరే చెప్పాపెట్టకుండా జారుకున్నారు. జనం అక్కడున్నారు, అడిగితే వెంటనే జవాబు వస్తుంది, ఇస్త్రీ గొడవ లేదు. చీపురు అందుకున్నది ఎవరనుకున్నారు, క్యాషియరమ్మే. వచ్చీ రాగానే నియమం ఎత్తేసింది, కొత్తవాళ్ళకు ఇబ్బందిగా ఉందని. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. బావ నన్నే కసిరాడు. వాళ్ళకి జవాబులు కావాలి, జవాబులు అక్కడున్నాయి, అందులో తప్పేముందన్నాడు. అన్నాడే గానీ చిన్న ఇంట్లో రోజుకొక్క మాట కూడా పడని రోజుల్లో, ఫోను పాడైందేమోనని పదే పదే ఆపి మళ్ళీ ఆన్ చేసేవాడు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం నా ఫోన్లో పాత గది తెరిచి చదవమన్నాడు. తెరిచాను. చదవడానికేమీ లేదు. ఫోటో, దాని కింద "సూపర్". ఇంకో ఫోటో, దాని కింద గుండె బొమ్మలు.

"ఏముందో ఎవరూ రాయలేదా?"

"లేదు బావా."

"పోనీ నువ్వు చెప్పు."

పైనున్నది క్యాషియరమ్మ పెట్టిన ఫోటో. ఈ చెయ్యి ఎందుకు పక్కకి తిరిగిపోతోంది అని అడిగింది. జవాబు లేదు, గుండెలు మాత్రం బోలెడు. ఎర్ర స్వెట్టరు అన్నాను. రంగుతో పని లేదు, వరసలు ఎటు వాలాయో చెప్పమన్నాడు. నాకు అల్లిక రాదు. అయినా చెప్పడం మొదలుపెట్టాక కనపడసాగింది. భుజం దగ్గర తిన్నగానే ఉంది, మోచేతి నుంచి కుడివైపుకి వాలింది, మణికట్టు దగ్గరికొచ్చేసరికి అతుకు ముందుకొచ్చేసింది. బావ వేళ్ళు గాలిలో కదిలాయి. "ఫోటో తర్వాత. ముందు మాటల్లో చెప్పండి" అని రాయమన్నాడు. నా పేరుతోనే రాశాను.

నిమిషం తిరక్కుండా జవాబు వచ్చింది. "పెద్దమ్మా, మీరేనా?"

చదివి వినిపించాను. బావ చెప్పి రాయించాడు: "నేను రాలేదు. మా మరదలు వచ్చింది. మీరు ఒక వైపే కుట్లు పెంచారు. విప్పి మళ్ళీ అల్లండి." ఇక ఫోను మూసెయ్యమన్నాడు.

మర్నాడు చిన్న ఇంట్లో క్యాషియరమ్మ దిగింది. మీ మరదలితో పోట్లాడలేక ఇక్కడికొచ్చాను అని మొదలుపెట్టి, ఇంత పొడుగు రాసింది. ఫోటో లేదు. కుట్లు రెండు వైపులా సమంగానే పెంచానంది, వరస వరసా లెక్క చెప్పింది. అది ఒంటి పోగు ఊలట, దానికి పురి, అంటే మెలి, మరీ ఎక్కువైందట, అల్లిక అందుకే వాలిపోతోందట. బావ ఒప్పుకోలేదు. పురికి అంత బలం ఉండదన్నాడు. ఆవిడ అదే ఊలు తెచ్చి అల్లి చూసుకోమంది. మా అక్క గొణుక్కుంటూనే పోయి కొనుక్కొచ్చింది.

రెండు రోజుల తర్వాత నా ఆఫీసు ఫోను మోగింది. ఆస్పత్రి ఎక్స్ఛేంజి నుంచి.

"నాదే తప్పట," అన్నాడు బావ. "అల్లి చూశా, ముక్క వాలిపోయింది. అదే చెబితే ఆవిడ ఏమందో తెలుసా? కళ్ళు లేకపోతే పోయె, చేతులకి పురి కూడా తెలీదా పెద్దమ్మా అంది."

నాకు పని ఉంది బావా అన్నాను. ఆయన ఫోను పెట్టెయ్యలేదు. ఆవిడ ఏమందో మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.